కాలని కట్టెలకు మంట పెట్టాలంటే...

శంషాబాద్ చుట్టుపక్కల ఈ మధ్య ఏ గృహప్రవేశానికి వెళ్ళినా ఒక కొత్త సరదా కళ్ళబడుతోంది. 2008 మార్చిలో విమానాశ్రయం ఇక్కడ మొదలయ్యాక ఊరి రూపే మారిపోయిందని వేరే చెప్పాలా! బెంగుళూరు రోడ్డుకి అటూ ఇటూ చేలున్న చోట విల్లాలు లేచాయి. మొదట అందరూ మాడ్యులర్ కిచెన్ అన్నారు. తర్వాత ఫాల్స్ సీలింగు, ఆ తర్వాత పూజగదికి గాజు తలుపు. ఇప్పుడేమో హాల్లో టీవీ కింద గోడలో ఒక గూడు, ఆ గూట్లో కట్టెల మంట! కట్టెలు నిజం కట్టెలు కావు. మంట మాత్రం నిజమే. గ్యాసు మంట.

మన ఎండలకు ఇదేం విడ్డూరం అంటారేమో. డిసెంబరు, జనవరి నెలల్లో తెల్లవారుజామున ఊరి శివార్లలో పది డిగ్రీల దరిదాపుకి దిగే రోజులుంటాయి. కోఠీలో శాలువా చాలితే మాకిక్కడ స్వెట్టరు కావాలి. అయినా సరే, అసలు సంగతి చలి కాదు, అమెరికా. కూతురి కాన్పుకో, కోడలి కాన్పుకో వెళ్ళి ఆర్నెల్లు ఉండి వచ్చిన అమ్మలందరూ అక్కడి ఇళ్ళలో ఈ గూడు చూసే ఉంటారు. గోడ మీద మీట నొక్కితే చాలు, గాజు వెనక దుంగలు భగ్గుమంటాయి. పొగ లేదు, బూడిద లేదు, ఊదుగొట్టం లేదు. బయట మంచు కురుస్తుంటే పసిపాపను ఒళ్ళో వేసుకుని ఆ మంట ముందు కూర్చుంటే ప్రాణం లేచి వస్తుంది మరి!

మా తోడికోడలు (మా వైపు యారాలు అంటాం) అలాగే మనసు పారేసుకుని వచ్చింది. వస్తూ వస్తూ డాలస్ నుంచి రెండు సూట్‌కేసుల్లో ఆరు దుంగలు మోసుకొచ్చింది. ఇక్కడ ఎయిర్‌పోర్టులో తనిఖీ చేసే ఆయన ఒక దుంగను వేలితో తట్టి చూసి, "కట్టెలు తెచ్చారేంటమ్మా, శంషాబాద్‌లో దొరకవా?" అన్నాడట. అవి ఒక రకం సిమెంటుతో చేసినవి. నిమ్మళంగా చూస్తే తప్ప తెలియదు. నిజమైన ఓక్ దుంగను అచ్చు తీసి, ఆ అచ్చులో వేడికి తట్టుకునే సిమెంటు పోసి, లోపల ఇనుప తీగ పెట్టి, పైన చేత్తో రంగు వేస్తారు. బెరడు మీద పగుళ్ళు కూడా ఉంటాయి.

దుంగలొచ్చాయి గానీ వాటి కింద పెట్టే బర్నరు రాలేదు. అది బరువని, దాంతోపాటు గ్యాసు మీటలుంటాయని భయపడి వదిలేసి వచ్చింది. "ఏముంది అక్కా, నాలుగు రంధ్రాల పైపే కదా, ఇక్కడే చేయిద్దాం" అంది. నాలుగు రంధ్రాల పైపు వెనక ఎంత కథ ఉందో మా ఇంట్లో రెండు నెలలు చూశాం.

పసుపు మంట కావాలట!

మా పేటలో స్టవ్‌లు బాగుచేసే అబ్బాయి ఉన్నాడు. చెయ్యి తిరిగిన పనివాడు. మొదట అతను వంటింటి స్టవ్ నుంచి పెద్ద ఇత్తడి బర్నరు తీసి దుంగల కింద పెట్టి వెలిగించాడు. చక్కని నీలం మంట, గుండ్రంగా, చిన్న చిన్న దంతాల్లా. యారాలు మొహం ముడుచుకుంది. "ఇది దోశల పొయ్యిలా ఉంది. నాకు పసుపు మంట కావాలి, పైకి ఎగసిపడాలి" అంది.

ఆ అబ్బాయి నన్ను చూసి, "ఇరవై ఏండ్ల సంది పసుపు మంటను నీలం చెయ్యనీకే పైసలు తీసుకుంటున్న. ఇప్పుడు నీలం మంటను పసుపు చెయ్యాల్నంట అమ్మా!" అని నవ్వాడు.

ఆ మాటలోనే మొత్తం విషయమంతా ఉంది, కాస్త ఓపిగ్గా వినండి. మన స్టవ్ మీట తిప్పినప్పుడు గ్యాసు నేరుగా బర్నరులోకి పోదు. జెట్ అనే చిన్న ఇత్తడి ముక్క ఉంటుంది, దానికి మిల్లీమీటరు కంటే సన్నని రంధ్రం. సిలిండరు లోపల ఎంత ఒత్తిడి ఉన్నా రెగ్యులేటరు దాన్ని 30 మిల్లీబారుల దాకా తగ్గించి పంపుతుంది. 30 సెంటీమీటర్ల ఎత్తు నీళ్ళు కింద ఎంత నొక్కుతాయో అంతే. ఆ గ్యాసు సన్నని రంధ్రంలోంచి జోరుగా దూకుతూ పక్కనున్న గాలిని తనతో లాక్కుపోతుంది. ఇద్దరూ బర్నరు గొట్టంలో కలిసి పైకి వస్తారు. గాలి బాగా కలిస్తే నీలం మంట. జర్మనీలో బున్సెన్ అనే ఆయన 1855 ప్రాంతంలో ప్రయోగశాల కోసం చేయించిన బర్నరు కిటుకే ఇది. ఇంటర్‌లో ల్యాబులో మనందరం వెలిగించిందే. మన సాంబారు ఆయన చలవతోనే ఉడుకుతోందన్నమాట.

గాలి తక్కువైతే? గ్యాసులో ఉన్న బొగ్గు అణువులు పూర్తిగా కాలకుండా ముందు సన్నని మసిగా మారతాయి. ఆ మసి రేణువులు ఎర్రగా కాగి మెరుస్తాయి. మనకు కనబడే పసుపు రంగు ఆ మెరుపే. దీపం వత్తి మంట, కట్టె మంట, కొవ్వొత్తి మంట అన్నీ ఇంతే. అంటే మనం అందం అనుకునేది కాలుతున్న మసి! మంట చివరిదాకా వెళ్ళేసరికి బయటి గాలి తగిలి ఆ మసి కూడా కాలిపోతే ఏ గొడవా లేదు. మధ్యలో చల్లటి వస్తువు అడ్డం వస్తే మాత్రం మసి దానికి అంటుకుంటుంది. గిన్నె అడుగు నల్లబడేది అందుకే.

అబ్బాయి బర్నరు గొట్టం దగ్గర గాలి వచ్చే కంతను రేకుతో సగం మూశాడు. మంట పసుపై, పొడుగై, ఊగుతూ లేచింది. యారాలు చప్పట్లు కొట్టింది. పది నిమిషాలు తిరక్కుండా డాలస్ దుంగలు రోలు అడుగులా నల్లబడ్డాయి. గాల్లో సన్నని మసి పోగులు తేలుతూ ఆరేసిన చీరల మీద వాలాయి. ఇదంతా పెరట్లో జరిగింది కాబట్టి సరిపోయింది. కొత్త హాల్లో జరిగి ఉంటే తెల్ల సోఫా గతి ఏమిటి?

సోఫా సంగతి చిన్నది. గాలి చాలక కాలిన చోట మసితోపాటు కార్బన్ మోనాక్సైడ్ కూడా పుడుతుంది. దానికి రంగు లేదు, వాసన లేదు, దగ్గు రాదు. తలనొప్పి, వికారం, మత్తు, అంతే. మసి కనిపించిందంటే అది కూడా ఉండే అవకాశం ఉందని అర్థం. చలికాలంలో తలుపులు మూసి గదిలో బొగ్గుల కుంపటి పెట్టుకుని పడుకుని లేవని వాళ్ళ గురించి, కిటికీ లేని బాత్రూముల్లో గ్యాసు గీజరు పెట్టుకుని స్పృహ తప్పిన వాళ్ళ గురించి పేపర్లో చదువుతూనే ఉంటాం. కారణం ఇదే. మా అత్తమ్మకు ఎనభై దాటాయి, ఆయాసం మనిషి. ఆమె మంచం వేసేది ఆ హాల్లోనే.

అమెరికాలో ఎలా చేస్తారు?

మరి అక్కడి వాళ్ళు పసుపు మంట పెట్టుకుని ఎలా బతుకుతున్నారు అంటారా? నేనూ అదే అడిగాను. మా మరిది కూతురు అక్కడి నుంచి ఫోన్లో గూడంతా తిప్పి చూపించింది, దాంతోపాటు వచ్చిన పుస్తకం చదివి వినిపించింది. అక్కడ మూడు రకాలున్నాయి.

మొదటిది పాత కట్టెల గూట్లో పెట్టేది. దానికి పైన నిజమైన పొగగొట్టం ఉంటుంది. గొట్టంలో ఉండే మూత పూర్తిగా మూసుకుపోకుండా ఒక క్లాంపు బిగించి ఉంచడం తప్పనిసరి. ఇందులో మంట అచ్చంగా కట్టె మంటలాగే ఉంటుంది, కానీ వేడి చాలావరకు గొట్టంలోంచి ఆకాశానికి పోతుంది. రెండోది ముందర గాజు బిగించి పూర్తిగా మూసేసింది. గోడలోంచి రెండు పొరల గొట్టం బయటకు పోతుంది, ఒక పొరలోంచి బయటి గాలి లోపలికి వస్తుంది, రెండో పొరలోంచి పొగ బయటకు పోతుంది. ఇంట్లో గాలిని అసలు ముట్టుకోదు. కొత్త ఇళ్ళలో ఎక్కువగా ఇదే. నన్నడిగితే మూడింటిలోనూ బుద్ధిగలది ఇదొక్కటే. మూడోది పొగగొట్టమే లేనిది, కాలిన గాలంతా గదిలోకే వదిలేది. అందులో గదిలో ప్రాణవాయువు 21 శాతం నుంచి 18 శాతం దరిదాపుకి తగ్గితే తనంతట తానే ఆరిపోయే పైలట్ మంట పెడతారు. అయినా కాలిఫోర్నియా రాష్ట్రంలో ఇళ్ళలో ఈ రకాన్ని అనుమతించరు.

గాజు రకంలో ఇంకో చిక్కు ఉంది, మనవలున్న అమ్మమ్మలు గుర్తుంచుకోవాలి. ఆ గాజు అట్లపెనంలా కాగుతుంది, మంట ఆర్పాక కూడా చాలాసేపు వేడిగానే ఉంటుంది. నడక నేర్చే పిల్లలు వెలుగు చూసి రెండు చేతులూ ఆనిస్తారు. అలా చేతులు కాల్చుకున్న పసివాళ్ళు ఎక్కువ కావడంతో 2015 జనవరి నుంచి అక్కడ తయారయ్యే గాజు గూళ్ళకు ముందు జాలీ ఒకటి కలిపి ఇవ్వాలని నియమం తెచ్చారు. పాత ఇళ్ళలో ఉన్నవాటికి జాలీ ఉండకపోవచ్చు. కాన్పుకు వెళ్ళేవాళ్ళు వెళ్ళగానే చూసుకోండి.

బర్నరు విషయానికి వస్తే, అక్కడ పైపు గ్యాసుకు ఒక రకం, సిలిండరు గ్యాసుకు ఒక రకం చేస్తారు. పైపు గ్యాసంటే మీథేన్, గాలి కంటే తేలిక. దానికి ఒక పళ్ళెంలో రంధ్రాల గొట్టం పెట్టి పైన ఇసుక పోస్తారు. గ్యాసు ఇసుకలోంచి ఊరి పైకి వచ్చి అక్కడక్కడ సోమరిగా మండుతుంది, కట్టె మంట లాగే. సిలిండరు గ్యాసు ఆ పద్ధతికి లొంగదు. అది మీథేన్ కంటే ఎక్కువ మసి పెడుతుంది, పైగా గాలి కంటే ఒకటిన్నర నుంచి రెండింతలు బరువు. అందుకని దానికి ముందుగానే కొంచెం గాలి కలిపే గొట్టం తప్పనిసరి, ఇసుక బదులు వర్మిక్యులైట్ అనే తేలికైన గుల్ల పలుకులు వేస్తారు. మొక్కల కుండీల్లో వేస్తామే, అదే. నిప్పుకణికల్లా ఎర్రగా కనబడడానికి రాతి ఊలును చిన్న చిన్న పీచులుగా చింపి పలుకుల మీద పలచగా పరుస్తారు. ఒకప్పుడు ఈ ఉత్తుత్తి బూడిదలో, కణికల్లో ఆస్బెస్టాస్ వాడేవారు. ఊపిరితిత్తులకు చేటని 1977లో అమెరికాలో నిషేధించారు. పాత సామాను దొరికిందని ఎవరైనా చవగ్గా అమ్మితే వద్దనండి.

మన హైదరాబాదులోనూ భాగ్యనగర్ గ్యాస్ వాళ్ళ పైపు గ్యాసు వచ్చిన కాలనీలున్నాయి కదా. అక్కడి వాళ్ళకి తెలిసే ఉంటుంది, సిలిండరు స్టవ్‌ను పైపుకి తగిలించేటప్పుడు జెట్ మారుస్తారు. పైపు గ్యాసు 21 మిల్లీబారుల దగ్గర వస్తుంది, అదే పరిమాణంలో వేడి కూడా తక్కువ. కాబట్టి రంధ్రం పెద్దది కావాలి. పైపు గ్యాసు జెట్‌తో సిలిండరు తగిలిస్తే మాత్రం మంట తాటిచెట్టంత లేస్తుంది. రంధ్రం వెడల్పు రెండింతలైతే గ్యాసు నాలుగింతలు వస్తుందని లెక్క. స్టవ్ జెట్లో మట్టి చేరిందని గుండుసూదితో పొడిచే అలవాటు ఉన్నవాళ్ళు ఈ ఒక్క లెక్క గుర్తుపెట్టుకుంటే చాలు.

లెక్క వేస్తే కళ్ళు తిరిగాయి

డాలస్ దుంగల డబ్బా మీద 60,000 బీటీయూ అని రాసి ఉంది. గంటకు ఇచ్చే వేడి అది. మన లెక్కలో సుమారు 15,000 కిలో కేలరీలు. ఒక కిలో గ్యాసు కాలితే వచ్చేది 11,000 దరిదాపు. అంటే గంటకు దాదాపు కిలో 400 గ్రాముల గ్యాసు! మన వంటింటి పెద్ద బర్నరు పూర్తిగా తిప్పినా గంటకు 200 గ్రాములు మించి తాగదు. 14.2 కిలోల సిలిండరు ఈ దుంగల కింద పది గంటలు వస్తుంది. నలుగురున్న ఇంట్లో నెలన్నర వచ్చే సిలిండరు సీరియల్ చూస్తూ ఐదు సాయంత్రాల్లో ఊదేయొచ్చు.

ఇంకో మాట. ఒక్క సిలిండరు నుంచి అంత జోరుగా గ్యాసు లాగితే సిలిండరు చల్లబడి మంచుపట్టి, ఒత్తిడి పడిపోయి మంట నీరసిస్తుంది. పెళ్ళిళ్ళలో వంటవాళ్ళు సిలిండరును వేడినీళ్ళ తొట్టిలో పెట్టడం చూసుంటారు, ఇందుకే. అది చాలా ప్రమాదం, ఎవరు చేస్తున్నా వద్దని చెప్పండి.

గాలి లెక్క కూడా వేశాం. ఆ గ్యాసు పూర్తిగా కాలడానికి గంటకు 17, 18 ఘనపు మీటర్ల గాలి కావాలి. 12 అడుగులు 14 అడుగుల హాలు, పదడుగుల ఎత్తు అనుకుంటే అందులో ఉన్నదే 48 ఘనపు మీటర్లు లోపు. ఏసీ కోసం కిటికీలు బిగించిన హాల్లో గంటలో మూడో వంతు గాలి మంటకే పోతుంది. మనుషులకు మిగిలేది కాలిన గాలి. దాంతోపాటు రెండు లీటర్ల పైచిలుకు నీటి ఆవిరి పుట్టి గోడల మీద చెమ్మగా దిగుతుంది. వేలు పోసి వేయించిన వాల్‌పేపరు మొదటి వారంలోనే ఊడుతుంది.

ఇంటీరియర్ చేసే అతను మాత్రం, "ఏం కాదు మేడమ్, మంట స్వచ్ఛంగా ఉంటుంది, గొట్టం అక్కర్లేదు" అన్నాడు. టీవీ పాడవకుండా మాత్రం పైన పాలరాయి పలక పెడతానన్నాడు. టీవీ గురించి అంత ఆలోచన చేసినవాడికి మంచం మీది మనిషి గుర్తు రాకపోవడం నాకు మింగుడు పడలేదు.

ఆ మాటలన్నీ వింటూ కూర్చున్న అత్తమ్మ, "కట్టెల పొయ్యికి దండం పెట్టి గ్యాసు తెచ్చుకుంటిమి. ఇప్పుడు గ్యాసు పెట్టి కట్టెలు కాలవెడ్తరా? అవి కూడ కాలని కట్టెలాయె!" అంది. 1999లో దీపం పథకం కింద మహిళా సంఘాల వాళ్ళకు గ్యాసు కనెక్షన్లు ఇచ్చినప్పుడు పల్లెల్లో ఆడవాళ్ళు సిలిండరుకు పసుపు కుంకుమ పెట్టి ఇంట్లోకి తెచ్చుకున్నారు. పొగలో ఏడ్చి ఏడ్చి కళ్ళు పోగొట్టుకున్న తరం అది. అత్తమ్మ మాటకు మా మరిది కూడా మెత్తబడ్డాడు. హాల్లో మంట వద్దని తేలింది. యారాలు రెండు రోజులు అన్నం సరిగ్గా తినలేదు. ఆమె కోరిక తప్పేమీ కాదు, కూతురింట్లో కూర్చున్న ఆ సాయంత్రాలు ఇక్కడా కావాలనుకుంది, అంతే కదా.

పెరట్లో మంట

చివరికి దుంగలు పెరట్లో, వరండాకు దూరంగా, పైన ఆకాశం తప్ప ఏ కప్పూ లేని చోట పెట్టాలని నిర్ణయించారు. అబ్బాయి మళ్ళీ రంగంలోకి దిగాడు. ఈసారి లెక్కతో.

గంటకు అరకిలో గ్యాసు చాలనుకున్నారు. అంటే మూడు పెద్ద బర్నర్లంత. ఆ లెక్కకు సరిపడే జెట్ కొన్నాడు, రంధ్రం తను తొలవలేదు. ఇనుప గొట్టంతో అరచేయంత దూరంలో రెండు వరుసలు వచ్చేలా బర్నరు చేశాడు. మొదటిసారి గొట్టం సన్నగా ఉండి, రంధ్రాలు ఎక్కువై ముందువైపు మంట లేచి వెనకవైపు చచ్చింది. రంధ్రాలన్నిటి వైశాల్యం కలిపినా గొట్టం లోపలి వైశాల్యం కంటే తక్కువ ఉండాలట, అప్పుడే అన్ని చోట్లకీ గ్యాసు సమంగా అందుతుంది. పంపు గొట్టానికి ఎక్కువ తూట్లు పెడితే చివరి మొక్కకు నీళ్ళందవు, అలాగే. రెండోసారి రంధ్రాలు మరీ పెద్దవి చేశాడు. గ్యాసు మెల్లగా వచ్చి, ఆర్పేటప్పుడు మంట లోపలికి పోయి టప్‌మని పేలింది. అందరం ఉలిక్కిపడ్డాం. మరీ చిన్నవి చేస్తే మంట రంధ్రం వదిలి గాల్లో గెంతుతూ బుసకొడుతుంది. మూడోసారికి కుదిరింది.

అసలు నైపుణ్యం ఆ తర్వాతే. గాలి కంతను పూర్తిగా మూయకుండా, పూర్తిగా తెరవకుండా కొంచెం కొంచెం తిప్పుతూ పోయాడు. మంట మొదలు నీలంగా, కొస మాత్రం పసుపుగా వచ్చేచోట ఆపాడు. తర్వాత దుంగలు పేర్చడం. యారాలు బొమ్మల కొలువులా అందంగా పేర్చబోయింది. కుదరదన్నాడు. మంట రెండు దుంగల మధ్య సందులోంచి లేవాలి, ఏ దుంగకూ మొహం ఆనించకూడదు. ఆనించిన చోటల్లా మసే. అమెరికాలో దుంగలకు మేకులు, గుంటలు పెట్టి, ఏ దుంగ ఎక్కడో బొమ్మ వేసి ఇస్తారు. వాళ్ళ పుస్తకంలో దుంగల చోటు మార్చవద్దని మొదటి పేజీలోనే ఉంది. ఊరికే రాయలేదని అప్పుడర్థమైంది. దుంగల మీద మొదటిసారి పట్టిన మసి మాత్రం, మంట సరిగ్గా కుదిరాక రెండు సాయంత్రాల్లో తనంతట తానే కాలి పోయింది.

ఇంత చేసినా నేను ఒప్పుకోని ఒక విషయం మిగిలింది. గాలి కొడితే మంట ఆరుతుంది, గ్యాసు మాత్రం వస్తూనే ఉంటుంది. పసుపు మంటను చూసి మురిసిపోతూ కబుర్లాడేవాళ్ళకు ఆరిన సంగతి వెంటనే తెలియదు. గ్యాసు బరువైనది కదా, నేల మీద పాకి మోరీలోకో, నీళ్ళ సంపులోకో దిగి కూర్చుంటుంది. గాలిలో రెండు శాతం కలిస్తే చాలు, అంటుకోవడానికి. అందుకని పైలట్ మంట, థర్మోకపుల్ ఉన్న మీట పెట్టించాం. ఇది చిన్న వేలంత కడ్డీ. పైలట్ మంట వేడికి అందులో కొన్ని మిల్లీవోల్టుల కరెంటు పుడుతుంది, ఆ కాస్త కరెంటే గ్యాసు మీటను తెరిచి పట్టుకుంటుంది. మంట ఆరితే కడ్డీ చల్లబడి, మీట తనే మూసుకుంటుంది. ఇంటి కరెంటుతో పని లేదు. కొత్తగా వచ్చే కొన్ని వంట స్టవ్‌లలో కూడా ఈ కడ్డీ ఉంటోంది. పాలు పొంగి మంట ఆరే ఇళ్ళలో కొంచెం డబ్బు ఎక్కువైనా అలాంటిదే కొనండి.

సిలిండరు కూడా వంటింటిది వాడలేదు. అది వంటకు ఇచ్చింది, అలంకారానికి కాదు. 19 కిలోల వ్యాపార సిలిండరు వేరుగా తీసుకున్నారు. గంటకు అరకిలో చొప్పున 38 గంటలు వస్తుంది. దాన్ని మంటకు దూరంగా, నిలువుగా, నేల మీదే పెట్టారు, గుంటలో కాదు. స్టీలు తీగ ఉన్న నారింజ రంగు గొట్టమే వాడారు, ఐదేళ్ళకొకసారి మార్చాలి. సంపు మూత, మోరీ ఉన్న వైపు కాకుండా రెండో వైపు చోటు చూశారు.

ఇంత వివరంగా రాశానని మీ ఊళ్ళో స్టవ్ బాగుచేసే అతన్ని పిలిచి మొదలుపెట్టకండి. మన వంట స్టవ్‌కు ఐఎస్ 4246 అనే ప్రమాణం ఉంది. 68 శాతం వేడి గిన్నెకు అందాలి, కాలిన గాలిలో విషవాయువు హద్దు దాటకూడదు, ఇవన్నీ పరీక్షించాకే ఐఎస్ఐ ముద్ర వేస్తారు. ఇంటి దగ్గర చేయించిన దుంగల బర్నరును ఎవరూ పరీక్షించలేదు. ఆరుబయట, పక్కన మనిషి ఉండగా వెలిగించుకోవడానికి తప్ప అది పనికిరాదని మా అబ్బాయే చెప్పాడు. నాలుగు గోడల మధ్య కావాలంటే గాజు మూత, బయటికి రెండు పొరల గొట్టం ఉన్న, పరీక్ష పాసైన సామానే కొనాలి. ఖర్చు చూసి గుండె ఝల్లుమంటే హాల్లో ఆ గూడు ఉత్త గూడుగానే ఉంచుకోవచ్చు.

యారాలు హాలు గూట్లో కరెంటుతో నడిచేది పెట్టించింది. లోపల చిన్న దీపాలు వెలిగి మంట ఆడుతున్నట్టు కనిపిస్తుంది. వేడి కావాలంటే వేరే మీట, అది 1,500 వాట్లు, రెండు గంటలకు మూడు యూనిట్లు. అత్తమ్మ కాళ్ళ దగ్గరకు కాస్త వెచ్చగా వస్తుంది. వేడి వద్దనుకున్నప్పుడు మంట బొమ్మ ఒక్కటే వేసుకోవచ్చు, ఎండాకాలంలో కూడా. చుట్టాల పిల్లలకు అదే ఎక్కువ నచ్చింది.

పెరటి మంట భోగి నాడు మొదలవుతుంది, సంక్రాంతి చుట్టాలు వెళ్ళేదాకా సాయంత్రం గంట చొప్పున. భోగి మంటలో వేయాల్సిన పిడకలు, పాత చాపలు మాత్రం వీధిలో అసలు మంటలోనే వేస్తారు. ఈ దుంగల మీద ఏమీ వేయకూడదు. ఒకరిద్దరు పిల్లలు మొక్కజొన్న కంకులు కాల్చబోయారు. పసుపు మంట మీద కంకి కాదు కదా అప్పడం కూడా కాలదు, మసి పూసుకుంటుందంతే!

ఏడాదిలో మిగతా రోజులు దుంగల మీద టార్పాలిన్ కప్పి ఉంచుతారు. మళ్ళీ చలికాలం వెలిగించే ముందు చేసే పని ఒకటుంది. గాలి కలిసే గొట్టంలో సాలీళ్ళు గూళ్ళు కడతాయి. బయటికి ఏమీ కనబడదు. వెలిగిస్తే మంట ముద్దగా, ఎర్రగా వచ్చి మసి పెడుతుంది, లేదా వెనక్కి తన్నుతుంది. సీసాలు కడిగే పొడుగు బ్రష్‌తో గొట్టం ఈ చివర నుంచి ఆ చివరకు తోమి, జాయింట్ల మీద సబ్బు నురుగు రాసి, బుడగలు రాలేదని చూసుకుని అప్పుడు పైలట్ వెలిగించాలి. చాలాకాలం వాడకుండా మూల పెట్టిన వంట స్టవ్‌కైనా ఇదే పద్ధతి. బుడగ వస్తే సిలిండరు వాల్వు కట్టేసి, లైటు స్విచ్చులు ముట్టుకోకుండా బయటికి వచ్చి 1906కు ఫోను చేయండి. గ్యాసు లీకు ఫిర్యాదుల కోసం పెట్టిన నంబరు అది, పగలూ రాత్రీ పలుకుతుంది.